గంజి పెట్టిన సంచులు

తెనాలిలో బసవమ్మ నోటికి జంకనివాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకడు వీధి చివర కూర్చునే చెవిటి కంసాలి. రెండోవాడు ఆమె మరిది వెంకటప్పయ్య. కంసాలికి వినపడదు, వెంకటప్పయ్యకు వినపడినా తగలదు. తిట్టు మీద పడితే తువ్వాలుతో దులుపుకుని, "అంతేలే వదినా" అని నవ్వి, మళ్ళీ తన పని తాను చేసుకుపోయే రకం. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అని ఇలాంటివాళ్ళను చూసే అని ఉంటారు.

అతనికి కాలవ గట్టున పసుపు మిల్లు ఉంది. దుగ్గిరాల నుంచి బండ్ల మీద వచ్చే కొమ్ములను పొడి కొట్టి బస్తాలకెత్తే మిల్లు. బసవమ్మ మొగుడు పోయాక జరిగిన పంపకాల్లో మిల్లు తమ్ముడికి వెళ్ళింది. దాన్ని ఆనుకుని ఉన్న పెంకుటిల్లు, వెనక నిండా ఎండ పడే పెద్ద పెరడు వదినకు వచ్చాయి. ఆ పెరడు మీద వెంకటప్పయ్యకు ఆ రోజు నుంచే కన్ను. "పిల్లాజెల్లా లేనిదానివి, ఒక్కదానికి పొయ్యెందుకు వదినా? మా ఇంట్లోనే ఇంత తిను. పెరడు నాకొదిలెయ్యి, కొమ్ములు ఆరబోసుకుంటాను" అన్నాడు పెద్దమనుషుల ముందే, మహా జాలిపడిపోతున్నట్టు. "నీ ఇంటి మెతుకు నా నోట్లో పడేది నేను చచ్చాకే" అంది బసవమ్మ. అని ఊరుకోలేదు. ఆ పెరట్లోనే మంచాలు వాల్చి, తెల్ల పంచెలు పరిచి, అప్పడాలు పెట్టి బతకడం మొదలుపెట్టింది.

ఆమె అప్పడం గురించి చెప్పాలంటే ముందు ఆమెను క్షమించాలి, ఎందుకంటే తన అప్పడం తప్ప లోకంలో ఇంకో అప్పడం ఉందని ఆమె ఒప్పుకునేది కాదు. అయినా మాట నిజమే. మినప్పిండి, మిరియం, ఇంగువ, సోడా అన్నీ సరిగ్గా పడి, కాగితమంత పలచగా వచ్చేవి. బాపట్ల స్టేషను ఎదురుగా భోజన హోటలు నడిపే శివరామయ్య వేరేవాళ్ళ అప్పడం ఆకులో వెయ్యనిచ్చేవాడు కాదు. వారానికో గంప పాసింజరు బండిలో బాపట్ల వెళ్ళేది. ఆ గంపే బసవమ్మ అన్నం, ఆ గంపే ఆమె పొగరు.

వెంకటప్పయ్య కొత్త గ్రైండింగు యంత్రం పెట్టేదాకా అంతా బాగానే ఉంది. అది పెట్టాక వీధి వీధంతా పసుపు దుమ్ము. మిల్లు పక్కన కట్టేసిన గేదె పసుపు, గోడ మీద కాకి పసుపు, బసవమ్మ చీర పసుపు. మొగుడు పోయిన మనిషి తెల్లచీర మీద పసుపు! బావి దగ్గర పున్నమ్మ అనే మహా ఇల్లాలు ఒకతె, "ఏంటొదినా, మళ్ళీ పెళ్ళికూతురివయ్యావే" అని ఇకిలించింది. ఆ మాటకు బసవమ్మ ఇచ్చిన జవాబు అచ్చులో పెట్టేది కాదు. కానీ ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. ఆ రంగంటే ఆమెకు అప్పటి నుంచే ఒళ్ళు మంట.

చీర ఉతికితే పోతుంది. సోడా నీళ్ళలో ఉడకేస్తే ముందు ఎర్రబడుతుంది, రెండు మూడు ఎండలు తగిలితే తెల్లబడుతుంది. అప్పడాన్ని ఉతకలేరు కదా. అప్పడంలో సోడా ఉంటుంది, దాని మీద పసుపు నలుసు పడిందంటే ఎర్రటి చుక్క. గంప విప్పి చూసిన శివరామయ్య, "ఏంటమ్మా ఇది, ఎవరో నెత్తురు చిమ్మినట్టుంది" అని కబురు పంపాడు. ఇంకోసారి ఇలా వస్తే తీసుకోననీ అన్నాడు.

బసవమ్మ మున్సిపాలిటీ మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. అక్కడున్న ఆఫీసర్ల సంగతి చెప్పేదేముంది, వాళ్ళు కదలాలంటే కుర్చీకి నిప్పు పెట్టాలి. ఒకాయన విన్నాడు, ఒకాయన వినకుండానే తలూపాడు. డెబ్బై మూడులో అనుకుంటా, కొత్తగా ఒక హెల్తాఫీసరు వచ్చాడు. కొత్త కాబట్టి స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కాతో వచ్చి బసవమ్మ పెరట్లో నిలబడ్డాడు. "ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి బాబూ" అని ఆమె మంచినీళ్ళిచ్చి మాటల్లో పెట్టింది. ఆయన వెళ్ళేటప్పటికి చొక్కా, ప్యాంటు, కనుబొమలు అన్నీ పచ్చగా ఉన్నాయి. ప్రజల బాధ ఏళ్ళ తరబడి ఎక్కని ఆఫీసుకు సొంత చొక్కా బాధ క్షణంలో ఎక్కింది. దుమ్ము ఆపే ఏర్పాటు చెయ్యకపోతే మిల్లుకు తాళం వేస్తానని ఆ వారంలోనే వెంకటప్పయ్యకు నోటీసు పంపాడు.

వెంకటప్పయ్య మొహం వాడింది. కానీ మిల్లు మూసుకోలేడు కదా. దుమ్ము ఆపే సరంజామా అమ్మే బొంబాయి కంపెనీకి రాశాడు. వాళ్ళ తరఫున వచ్చినవాడు రేపల్లెలో ఒక పాస్టరుగారి మేనల్లుడు, రాజారత్నం. నేల ఊడ్చే బెల్‌బాటం ప్యాంటు, చెవులు మూసే జుట్టు, పది గజాల దూరానికి కొట్టే సెంటు. బసవమ్మ చూసీ చూడగానే అతన్ని మనసులో ఒక మూలకు తోసేసింది. ఆమెకు మనుషుల్ని తూచడానికి ఆట్టే సేపు పట్టేది కాదు. తూకం తప్పు కావచ్చని మాత్రం ఎప్పుడూ తోచేది కాదు.

మిల్లు వెనక రేకు గది ఒకటి లేపారు. లోపల ఇనప తీగల బుట్టలు వేలాడదీశారు. ఒక్కో బుట్టకు నిలువెత్తు సంచి ఒకటి, మేజోడు తొడిగినట్టు తొడిగారు. తెల్లగా, మందంగా, చేత్తో తడిమితే కొత్త కంబళిలా మెత్తగా ఉన్నాయి. బ్లోయరు మిల్లులోని గాలిని ఆ గదిలోకి తోస్తుంది, దుమ్ము సంచుల మీద ఆగిపోతుంది, గాలి మాత్రం వడకట్టుకుని బయటికి పోతుంది.

వీధివాళ్ళంతా వింత చూడటానికి చేరారు. రాజారత్నానికి అంతమంది దొరికితే ఇంకేం కావాలి, అందుకున్నాడు.

"నూలు సంచులైతే ఈ కాలవ గట్టు తేమకి బూజు పట్టి చివికిపోతాయండి. ఉన్నిదైతే పురుగు కొడుతుంది. ఇది ఆక్రిలిక్ ఫెల్టండి. ఫ్యాక్టరీలో తయారైన పీచు. దీన్ని నెయ్యరు. సూదులతో పొడిచి పొడిచి దట్టం చేస్తారు."

"గొర్రెకీ పుట్టలా, చెట్టుకీ పుట్టలా" అంది బసవమ్మ. "తల్లీతండ్రీ లేని గుడ్డన్నమాట. ఇదా నా అప్పడాల్ని కాపాడేది?"

జనం నవ్వారు. అతను కూడా నవ్వి, "పిన్నిగారూ, ఒక్కటి గుర్తుపెట్టుకోండి" అన్నాడు. "మొదటి వారం కాస్త దుమ్ము బయటికొస్తుంది. పోనుపోను సంచి మీద పసుపు పొర కడుతుంది. ఆ పొర కట్టాక ఇంక నలుసు బయటికి రాదు. పొరే అసలు జల్లెడండి. పొద్దునా సాయంత్రం కర్రతో కాస్త తట్టండి, ఎక్కువైంది రాలిపోతుంది. ఉతకడం మాత్రం వద్దు. వేడినీళ్ళు అసలే తగలకూడదు."

ఈ ముక్క వెంకటప్పయ్య విన్నాడు. బసవమ్మ కూడా విన్నది. విని, పక్కనున్న పున్నమ్మతో, "మురికి పట్టిందే శుభ్రమంట! వినేవాళ్ళుంటే అరవంలో హరికథ చెబుతాడు వీడు. వీడి మొహానికి ఉతుకు సంగతి తెలుసా, ఆ జుట్టు చూడు" అంది.

అతను చెప్పినట్టే జరిగింది. ఓ వారం పలచగా దుమ్ము వచ్చింది, తర్వాత ఆగిపోయింది. ఎంతగా ఆగిందంటే, బసవమ్మ పంచెల మీద అప్పడాలు వెన్నెల ముక్కల్లా ఆరాయి. శివరామయ్య గంప విప్పి, రెండో గంప కావాలని కబురంపాడు. పిండి కొట్టడానికి, వత్తడానికి ఇద్దరు ఆడవాళ్ళను పెట్టుకుంది. సాయంత్రం వీధిలోకొస్తే చీర పొద్దున కట్టినంత తెల్లగా ఉండేది. సుఖపడాలంటే ఆమె అప్పుడు చేయవలసిందల్లా ఒక్కటే, నోరు మూసుకుని అప్పడాలు పెట్టుకోవడం. ఆ ఒక్కటీ తప్ప ఇంకేదైనా చేయగలదు బసవమ్మ.

మరిది వల్ల తనకు మేలు జరిగిందన్న సంగతి ఆమెకు మింగుడు పడలేదు. ఎక్కడో మోసం ఉండాలి. లేకపోతే వెంకటప్పయ్య వెంకటప్పయ్యే కాదు. అమావాస్య రోజు మిల్లుకు సెలవు. ఆ మధ్యాహ్నం తిన్నగా రేకు గది దగ్గరికి వెళ్ళి తలుపు తీసింది. సంచులన్నీ నిలువునా పచ్చగా, పేడ అలికినట్టు మందంగా పసుపు పట్టి వేలాడుతున్నాయి. తనను ఇన్నేళ్ళు ఏడిపించిన రంగు అంతా ఒక్కచోట, అదీ తెల్లటి కొత్త గుడ్డ మీద కనపడేసరికి ఆమెకు ఒళ్ళు తెలియలేదు.

"అప్పయ్యా! ఇట్టా రా! ఇదేనా నీ శుభ్రం?" అని వీధంతా వినపడేలా కేకేసింది. "నెలరోజులై ఈ గుడ్డలకి నీళ్ళు చూపించావా? పెళ్ళాం చేత గోచీ కూడా ఉతికించుకోవేమో నువ్వు! ఈ కంపంతా ఎప్పుడో ఒకరోజు నా పెరట్లోనే కదయ్యా కక్కేది!"

జనం పోగయ్యారు. వెంకటప్పయ్య తువ్వాలు భుజాన వేసుకుని నింపాదిగా వచ్చాడు. సంచుల వంక చూశాడు. వదిన వంక చూశాడు. తర్వాత పెరట్లో ఆరుతున్న అప్పడాల వంక కాసేపు చూశాడు.

"ఆ కుర్రాడు వద్దన్నాడుగా వదినా" అన్నాడు, మెత్తగా.

"వాడి మాటా? క్రాపు సరిగ్గా దువ్వుకోవడం రానివాడు నాకు ఉతుకు నేర్పుతాడా?"

"సరే, పెద్దదానివి, నువ్వు చెప్పాక కాదంటానా? నాకైతే ఈ ఉతుకుళ్ళ సంగతి తెలీదు. నువ్వే దగ్గరుండి, నీ చేత్తోనే చాకలికి వెయ్యి." అని చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి, "విన్నారుగా, వదిన మాటంటే నాకు శాసనం" అన్నాడు.

అంత నమ్రత చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. బసవమ్మకు మాత్రం అది గెలుపులాగే కనపడింది. సంచులన్నీ విప్పించి, మూట కట్టించి, హనుమయ్య ఇంటికి నడిచింది. హనుమయ్య ఇరవై ఏళ్ళుగా ఆమె చీరలు ఉతికే మనిషి. మూట విప్పి, "ఇదేం బట్టమ్మా? నూలుదా, ఉన్నిదా?" అన్నాడు.

"ఏదైతే నీకేంటి? నా చీరలకి ఏం చేస్తావో అదే చెయ్యి. సోడా వేసి బానలో ఉడకెయ్యి, ఉబ్బలో ఆవిరి పట్టించు, బండ మీద నాలుగు బాదు. నీలిమందు పెట్టు. గంజి మర్చిపోతావేమో, చిక్కగా పెట్టాలి."

"గంజి కూడానా అమ్మా?"

"గంజి లేని ఉతుకూ ఒక ఉతుకేనా!"

హనుమయ్య ఆమె చెప్పింది చెప్పినట్టు చేశాడు. సోడా తగలగానే బానంతా పారాణి అయింది. చూసి అతను కంగారుపడి కబురు చేస్తే, "ఎర్రబడితే ఎండలో పోద్ది, ఇంకో ఉబ్బ వెయ్యి" అని ఆమె తానే వచ్చి పొయ్యిలో కట్టె ఎగదోసింది. ఎండేశాక నిజంగానే తెల్లబడ్డాయి. అప్పడంలా పెళపెళలాడుతూ నిలబడ్డాయి. అవి నిలువెత్తు నుంచి నడుమెత్తుకు దిగాయని ఆమె గమనించలేదో, గమనించి కూడా ఒప్పుకోలేదో దేవుడికే తెలియాలి. మూట మిల్లులో పడేసి, "చూసుకో, ఇదీ శుభ్రమంటే" అంది.

బుట్టలకు తొడగబోతే సంచులు ఎక్కలేదు. కూలీలు కాలు తన్నిపెట్టి లాగితే కుట్లు పటపటమని ఊడాయి, కొన్ని సగం బుట్ట దాకా వచ్చి ఆగిపోయాయి. వెంకటప్పయ్య విసుక్కోలేదు. "వదిన ఉతికించినవి, అట్టాగే పెట్టండి, మోటరెయ్యండి" అన్నాడు.

గంజి పూసిన గుడ్డలోంచి గాలి ఎక్కడ పోతుంది? ఆంబోతు రంకె వేసినట్టు బ్లోయరు ఒక్క అరుపు అరిచింది. ఊడిన కుట్లలోంచి, బుట్టల సందుల్లోంచి, పసుపు ఒక్కుమ్మడిగా ఎగతన్ని బయటికొచ్చింది. అటువైపు ఉన్నది బసవమ్మ పెరడే. శివరామయ్య అడిగిన రెండు గంపల అప్పడాలూ ఆ పూటే తడితడిగా మంచాల మీద ఆరేసి ఉన్నాయి. ఆమె పరుగెత్తుకుని వెళ్ళేసరికి అన్నీ ఎర్రగా పొక్కులు పొక్కులుగా తేలుతున్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. వత్తే ఆడవాళ్ళు కొంగులు మూతికి అడ్డం పెట్టుకుని ఆమె మొహంలోకి చూడలేక నిలబడ్డారు.

"కొత్త సంచులు తెప్పించు" అంది ఆమె, మరిది అరుగు ముందు నిలబడి. అడగడం ఆమెకే కొత్త.

"ఎందుకు తెప్పించను వదినా? తెప్పిస్తే మళ్ళీ నువ్వే ఉతికిస్తావు" అన్నాడు వెంకటప్పయ్య. వీధి వీధంతా పగలబడి నవ్వింది. పున్నమ్మయితే కళ్ళనీళ్ళు తుడుచుకుంది.

మున్సిపాలిటీకి పరుగెత్తింది. తెల్ల ప్యాంటు ఆఫీసరుకు అప్పటికే బదిలీ అయింది. కొత్తాయన తల ఎత్తకుండానే, "అతను ఫిల్టరు పెట్టాడు. పాడుచేసింది మీరని వీధంతా చెబుతున్నారు. మిమ్మల్ని ఏం చెయ్యమంటారు?" అని ఎదురడిగాడు.

ఆఖరికి రాజారత్నం రేపల్లె నుంచి వస్తే అతన్నే పట్టుకుంది. కుంచించుకుపోయిన సంచిని అతను చేత్తో ఎత్తి, వేలితో గీరి, గంజి పొట్టు రాల్చి చూశాడు. "మీకు చెప్పానుగదండీ పిన్నిగారూ. వెంకటప్పయ్యగారికైతే ఒకటికి రెండుసార్లు చెప్పాను" అన్నాడు.

"వాడికి తెలిసే చేయించాడు!" అంది బసవమ్మ. "తెలిసే నా చేత చేయించాడు!"

"మీకూ తెలుసు కదండీ" అన్నాడతను. వెక్కిరింపుగా అనలేదు. వెక్కిరింపుగా అని ఉంటే ఆమె బతికిపోయేది, తిరిగి తిట్టగలిగేది. ఆ పూట ఇంటికొచ్చి గడపలో కూలబడి, వెంకటప్పయ్యను తిట్టబోయి, తనను తానే తిట్టుకుంది. ఒసే పొగరుబోతుదానా, నీ నోరే నీ పొయ్యి ఆర్పిందే అనుకుంది. మరిది దొంగే. కానీ దొంగకు తాళం చెవి ఇచ్చింది తానే.

తర్వాత ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. ఇంట్లో పెట్టి ఆరబెడితే అప్పడం బూజు పట్టింది. మిల్లు ఆగాక ఆరేద్దామంటే ఎండ ఉండదు. శివరామయ్య ఎర్రచుక్కలతో వెళ్ళిన రెండు గంపలు వెనక్కి పంపి, "నా మీద కోపగించుకోమాకమ్మా, చీరాలవాళ్ళ దగ్గర మాట్లాడుకున్నాను" అని చెప్పించాడు. పనికొచ్చే ఆడవాళ్ళు ఇంకో చోట చూసుకున్నారు. వానాకాలం వచ్చేసరికి మినప డబ్బా అడుగు కనపడింది, బియ్యం డబ్బా కూడా కనపడింది. వెంకటప్పయ్య భార్య శేషారత్నం మధ్యాహ్నం పూట క్యారేజీ తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేది. బసవమ్మ దాన్ని ముట్టుకోకుండా కుక్కకు వేసింది, మర్నాడూ వేసింది. తర్వాత కుక్కను చూసి అసూయపడే రోజు వచ్చింది.

దసరా వెళ్ళాక ఒక ఆదివారం తలుపుకు తాళం వేసి, ఆ తాళం చెవి తెచ్చి వెంకటప్పయ్య అరుగు మీద పెట్టింది. అతను గెలిచినట్టు నవ్వలేదు, తాళం చెవి తీసి మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమే కూలీలు మంచాలు తీసేసి, పెరడంతా పసుపు కొమ్ములు పరిచారు.

"రా వదినా, ఆకు వేశారు" అన్నాడు వెంకటప్పయ్య.

కూర్చుంది. శేషారత్నం అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించి, చివర్న ఒక అప్పడం వేసింది. బజారులో కొన్న అప్పడం. చూడగానే బసవమ్మకు దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలిసిపోయాయి. పిండిలో సగానికి సగం పెసర కలిపారు, సోడా ఎక్కువైంది, మిరియానికి బదులు కారప్పొడి, కాగని నూనెలో వేస్తే చమురు పీల్చింది. విరిస్తే విరగలేదు, సాగింది. అలాంటిది తన ఆకులో ఎవరైనా వేస్తే ఒకప్పుడు విస్తరి ఎత్తి వీధిలో పారేసేది.

"అప్పడం ఎట్టా ఉంది వదినా?" అన్నాడు వెంకటప్పయ్య.

శేషారత్నం గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. ఆ నోట్లోంచి ఏం వస్తుందో ఇద్దరికీ తెలుసు, ఇరవై ఏళ్ళుగా వింటున్నదే.

"బాగుందయ్యా" అంది బసవమ్మ.

వెంకటప్పయ్య ముద్ద కలపడం ఆపి, తల ఎత్తి ఆమె వంక చూశాడు. తర్వాత భార్యతో, "వదినకి ఇంకోటి వెయ్యి" అన్నాడు.